పదకొండో పేజీ

మొదటి పది పేజీలే పంపమంటారు ఏజెంట్లు.
నా కథ పదకొండో పేజీలో మొదలవుతుంది.

గ్రిమ్స్‌బీ రేవులో ముప్పై ఒక్క ఏళ్లు
చేపలు కోసిన చేతులివి.
ఎంత పెద్ద కాడ్ చేపనైనా నాలుగు కోతల్లో విప్పేదాన్ని,
ముల్లు ముల్లుగా, కండ కండగా.
అలాంటిది, పుస్తకమంతా ఒక్క పేజీలో చెప్పమంటే
కత్తి ఎక్కడ దించాలో తెలియడం లేదు.

అరవై ఎనిమిదేళ్లకు ఇదేం పిచ్చి గ్లెనిస్,
అంటుంది మ్యూరియెల్, కంచె అవతల దుప్పట్లు ఆరేస్తూ.
పిచ్చి కాదే, ఫారం అంటాను.
పేరు, ఊరు, ఎన్ని పదాలు, ఏ వర్గం.
ఆ "ఏ వర్గం" దగ్గరే రోజూ నా టీ చల్లారిపోతుంది.
మనిషి మునిగిపోయిన కథ ఏ వర్గం?
మునగలేదేమోనని
పదకొండేళ్లు బల్ల మీద పళ్లెం పెట్టిన కథ?

మీ పుస్తకం ఏ పుస్తకాల పక్కన నిలబడుతుంది, అని ఇంకో ప్రశ్న.
నిమ్మచెక్కతో ఎంత రుద్దినా
గోళ్ల కింద మిగిలే వాసన పక్కన
అని రాసి, కొట్టేసి,
"చెప్పలేను" అని రాశాను.

మేనకోడలి కూతురు టామ్సిన్ పట్టిక చేసిపెట్టింది.
ఎరుపు అంటే వద్దన్నారు.
బూడిద రంగు అంటే ఏమీ అనలేదు.
ఆకుపచ్చ కూడా పెట్టింది, పాపం, చిన్నపిల్ల.
నలభై ఒక్క గళ్లు. ఇరవై ఆరు ఎరుపు.
మిగతావన్నీ ఫిబ్రవరిలో హంబర్ నది రంగు.

వద్దనడంలో ఎంత మర్యాద!
చదివే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలట.
ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమట.
మా ఫోర్‌మన్ రెగ్ అయితే
రెండు బూతు ముక్కల్లో తేల్చేసేవాడు.
అవి రేవు గేటు దాటి ఇంటిదాకా వచ్చేవి కావు.
ఈ మర్యాద మాత్రం మెట్లెక్కి వచ్చి
దిండు మీద నా పక్కనే పడుకుంటుంది.

ఒకాయన నాలుగు నిమిషాల్లో వద్దన్నాడు,
రాత్రి రెండుంబావుకి.
కోపం రావాల్సింది.
లండన్లో ఎవరికో నాలాగే నిద్ర పట్టడం లేదు
అనిపించి, ఒక్క క్షణం, తోడు దొరికినట్టయింది.

ఆ పది పేజీల్లో ఏమీ జరగదు.
అమ్మ వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతుంటుంది.
రేడియోలో సముద్రాల వాతావరణం చెబుతుంటారు.
నాన్న పడవ ఉన్న సముద్రం పేరు రాకముందే
లేచి కట్టేస్తుంది.
అంతే. పది పేజీలూ అంతే.
పదకొండులో తలుపు చప్పుడు.
టోపీ చేత్తో పట్టుకుని కంపెనీ మనిషి.

పదకొండునే ఒకటి చేసెయ్, అంది టామ్సిన్.
మంచి సలహానే. చేసేశాను.
ఆ పదింటినీ దుప్పట్ల అరలో పెట్టి
నలభై రెండోసారి పంపాను.

మందుల షాపులో వరసలో నిలబడి ఉండగా జవాబొచ్చింది:
"తలుపు తీసినావిడ,
తడి చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడిపోయినావిడ,
రెండ్రోజులుగా నా వెంటే ఉంది.
తలుపు కొట్టకముందు ఆవిడ ఏం చేస్తోంది?
పుస్తకం నేను తీసుకోలేనండీ.
ఊరికే అడుగుతున్నా."

ఏం రంగు వెయ్యను, అంది టామ్సిన్ ఫోన్లో.
వద్దన్నారుగా, ఎరుపే.
ఆగు, అన్నాను. ఆగు.
వెనక ఎవరో, వరస కదిలిందమ్మా, అన్నారు.

ఒకసారి కాదన్నాక మళ్లీ రాయకూడదు, అది వాళ్ల నియమం.
రాయను.
ఆ గడి మాత్రం తెల్లగానే ఉంది.
అర తెరిచాను. కాగితాలకు సబ్బు వాసన పట్టింది.
మ్యూరియెల్ దుప్పట్లు తీసుకుని లోపలికెళ్లిపోయింది, మబ్బేసింది.
లైటు వేసుకుని కూర్చుని
పేజీలకు మళ్లీ మొదటి నుంచి అంకెలు వేస్తున్నాను.

ఒకటి.
అమ్మ దుంప చేతికి తీసుకుంది.
రేడియో ఇంకా మోగుతూనే ఉంది.